జరీ పొరలోంచి సూర్యుడు

ఆండిపట్టి
5 డిసెంబరు 2025

చిరంజీవి చారులతకు,

నెలకో ఉత్తరం అనే మన ఏర్పాటు ప్రకారం నా వంతు ఇంకా రాలేదు. అయినా ముందుగా రాస్తున్నాను. కారణం, నిన్న మా చెల్లెలి మనవరాలు కార్తీక వచ్చి చెప్పిపోయిన మాట. నువ్వు ఇప్పుడు రాత్రిళ్లు చంద్రుణ్ణీ శనినీ చూపడంతో ఆగక, అన్నూరు సంతలో పట్టపగలు జనానికి సూర్యుణ్ణి చూపిస్తున్నావట. తను కూడా చూసిందట. "నీ మనవరాలు సూర్యుణ్ణే కిందికి దించేసిందవ్వా" అని ఒకటే పొగడ్త. ఆమె వెళ్లాక నాకు ఏ పనీ తోచలేదు.

నువ్వు ఆకాశం చూపడం నాకు ఇష్టమే. టెలిస్కోపు కొనాలన్నప్పుడు మీ నాయనతో వాదించి ఒప్పించింది నేనే. మదురైలో ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెప్పినన్నాళ్లూ నా పిల్లలకు శని వలయాలు బొమ్మలోనే చూపాను. నువ్వు ముక్కూమొహం తెలియనివాళ్లకు నిజం శనిని చూపిస్తున్నావని విన్నప్పుడు నాకు గర్వంగా ఉండింది. కానీ చంద్రుడు వేరు, సూర్యుడు వేరు. చంద్రుణ్ణి తప్పుగా చూపితే జనం నవ్వి పోతారు. సూర్యుణ్ణి తప్పుగా చూపినా నవ్వుతూనే పోతారు. సంగతి తరువాత తెలుస్తుంది.

కనుక నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. టెలిస్కోపు ముందు ఏ పొర కట్టావు? అది ఎక్కడిది? సూర్యుణ్ణి చూడటానికి అది తగినదని ఎవరు పరీక్షించి చెప్పారు? ఒక్కో పూట నువ్వు ఎంతసేపు అందులో కన్ను పెడుతున్నావు?

ఫోనులో చెబుతాననకు. ఫోనులో ఎవరు మాట్లాడినా నాకిప్పుడు మా కనుమలోని గాలిమరలు తిరుగుతున్నట్టే వినబడుతుంది. బడిలో తమిళం తప్ప ఎరగని పిల్లకు కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పింది ఇందుకే. రాయి.

అవ్వ
తాయమ్మాళ్


అన్నూరు
14 డిసెంబరు 2025

ప్రియమైన అవ్వకు నమస్కారాలు.

కార్తీక నోట్లో మాట నిలవదని తెలిసీ తనకు చూపించాను. పొగిడిందని రాశావు కాబట్టి వదిలేస్తున్నాను.

అవ్వా, నువ్వు ఒక్కసారి వచ్చి చూడాలి. సంతలో కొబ్బరికాయల అంగళ్ల చివర, పూలమ్మే రామాయి తట్ట పక్కన టెలిస్కోపు పెడతాను. మొదట ఎవరూ దగ్గరికి రారు. నేనేదో అమ్మడానికి వచ్చానని అనుకుంటారు. ఒకరు ధైర్యం చేసి కన్ను పెడితే చాలు, వెనక వరస కట్టేస్తుంది. ఈ మధ్య సూర్యుడి మీద మచ్చలు బాగా ఉన్నాయి. కొన్ని మచ్చలు మన భూమికంటే పెద్దవని చెబితే నన్ను ఎగాదిగా చూస్తారు.

రామాయి మొదటిసారి చాలాసేపు కన్ను పెట్టి చూసింది. తరువాత మెల్లగా, "సూర్యుడికి అమ్మవారు పోసుండాది పాపా. వేపాకు కట్టండి, తగ్గిపోతాది" అంది. వరసలో ఉన్నవాళ్లంతా పడి పడి నవ్వారు. ఆ రోజు నుంచి ప్రతి సంతకూ తట్ట దించగానే వచ్చి తనే మొదట చూస్తుంది. చూసి, "ఇంకా రెండు మిగిలుండాయి, రాండి, రాండి" అని జనాన్ని పిలుస్తుంది. నాకంటే తన గొంతే దూరం పోతుంది.

ఇక నీ ప్రశ్నలు. పొర గురించి దిగులు వద్దు. సూర్యుడి కోసమే చేసిన ఫిలిం ఆన్‌లైన్‌లో చూశాను, వచ్చేసరికి నెల దాటుతుందన్నారు. నాయన నవ్వి నన్ను మన జరీ యూనిట్‌లోకి తీసుకుపోయాడు. జరీ నూలు కోసం మనం సన్నగా కోసే వెండి ఫిలిం చుట్టలు గోడవారగా పేర్చి ఉంటాయి కదా. "ఇదే కదా వాడు డబ్బాలో పెట్టి అమ్మేది? మన దగ్గర మైళ్లకొద్దీ ఉండాది" అన్నాడు. నిజమే అవ్వా. అదీ ఇదీ పాలిస్టర్ మీద అల్యూమినియం పూతే. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. నేను జాగ్రత్తకని రెండు మడతలు వేశాను. అందులోంచి చూస్తే ఆఫీసు ట్యూబ్‌లైట్ కూడా సన్నని బూడిద గీతలా కనబడుతుంది. అంత చీకటి. పరీక్షించింది ఎవరంటే నీ కొడుకే అని రాసుకో. సూర్యుడు మాత్రం కొంచెం నీలంగా, కొంచెం జిగేల్‌మంటూ ఉంటాడు.

ఇంకో మాట. నాయన ఇన్నాళ్లూ బంధువులకు నన్ను చూపి, "రాత్రంతా మేడ మీద దయ్యం మాదిరి తిరుగుతాది" అనేవాడు. మొన్న పెళ్లిలో "మా పాప సైంటిస్టు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

నీ మనవరాలు
చారులత


ఆండిపట్టి
20 డిసెంబరు 2025

చిరంజీవి చారులతకు,

నాలుగు అడిగాను, మూడింటికి జవాబు వచ్చింది. నువ్వు ఎంతసేపు చూస్తున్నావన్నది రాయలేదు. వచ్చిన ప్రతి మనిషికీ టెలిస్కోపు సరిచేసి, సూర్యుడు జరిగిపోతే తిరిగి పట్టుకుని ఇచ్చేది నువ్వే కదా. అంటే అందరికంటే ఎక్కువగా చూస్తున్నది నువ్వే. అందుకే రాయలేదని అనుకుంటున్నాను.

ట్యూబ్‌లైట్ గీతలా కనబడిందని గొప్పగా రాశావు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. సూర్యుణ్ణి చూడదగిన పొరలోంచి ట్యూబ్‌లైట్ అసలు కనబడకూడదు. సూర్యుడు తప్ప ఏదీ కనబడకూడదు. జరీ ఫిలిం చీర అంచున మెరవడానికి చేసింది. పూత పలచగా ఉన్నా, సూదిమొనంత చిల్లులు ఉన్నా చీరకు లోటు లేదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చేతికి తేడా తెలియదన్నావు. చూసేది చెయ్యి కాదు.

చెయ్యి కాలితే వెనక్కి తీసుకుంటాం. కంటి వెనక పొరకు నొప్పి తెలియదు. అక్కడ కాలుతున్నా మనం చూస్తూనే ఉంటాం, బాగుందంటూనే ఉంటాం.

ఆ పొర ఇవాళే తీసెయ్యి. మచ్చలు చూపాలంటే వేరే దారి ఉంది. టెలిస్కోపు వెనక తెల్ల కాగితం పెట్టు. సూర్యుడి బొమ్మ దాని మీద పడుతుంది, మచ్చలతో సహా. ఎవరూ కన్ను పెట్టకుండా నువ్వు పక్కనే నిలబడి కాపలా కాస్తే చాలు.

పొర తీశానని ఒక్క కార్డు ముక్క రాయి.

అవ్వ


అన్నూరు
4 జనవరి 2026

అవ్వకు,

కార్డు రాయలేదని కోపం వచ్చి ఉంటుంది. నీ ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. ఆయన టీ తాగుతూ విని, గ్లాసు కింద పెట్టి అన్నాడు: "అమ్మది సుమ్మా ఊరికే భయం. ముప్పై ఏండ్లుగా ఆ ఫిలిం మధ్యనే కూచోనుండాము. ఎవురి కన్ను పోయింది?" ఫిలిం పక్కన కూర్చోవడం వేరు, అందులోంచి సూర్యుణ్ణి చూడటం వేరు అని నువ్వయితే అనేదానివి. నేను అనలేదు.

నువ్వు చెప్పిన కాగితం పద్ధతి ఒక సంతకు చేశాను. జనం చూశారు, పోయారు. "ఇది బొమ్మ కదా పాపా, సామి ఏడీ" అంది రామాయి. వాళ్లకు ఆ గొట్టంలో కన్ను పెడితేనే సూర్యుణ్ణి చూసినట్టు. మరుసటి సంతకు మళ్లీ పొర కట్టాను. నీకు అబద్ధం రాయడం ఇష్టం లేక చెబుతున్నాను.

మురుగన్ పండుగ తైపూసానికి ప్రతి ఏడూ పళని రోడ్డులో మనవాళ్లు మజ్జిగ పందిరి వేస్తారు కదా. ఈసారి పందిరి పక్కనే నన్ను టెలిస్కోపు పెట్టమన్నాడు నాయన. కావడి మోసుకుని నడిచి వచ్చేవాళ్లు మజ్జిగ తాగి, సూర్యుణ్ణి చూసి పోతారు. అంతమందికి ఒక్క టెలిస్కోపు చాలదని కాగితం కళ్లద్దాలు కూడా చేయిస్తున్నాడు. మన ఫిలింతోనే. పక్కన యూనిట్ పేరు అచ్చువేయించాడు. నేను రెండు పొరలు వేయమన్నాను. వేసి చూశాడు. మసకగా ఉంది, జనానికి బాగా కనబడాలి కదా అని ఒక పొర తీయించేశాడు.

ఇది వదిలెయ్. నీకు నచ్చే సంగతి ఒకటి ఉంది. గురుగ్రహం ఇప్పుడు మిథునంలో పెద్దగా వెలుగుతోంది. మొన్న మేడ మీద చూస్తుంటే దాని నడుమ బూడిదరంగు చుక్క కనబడింది. తోకచుక్క ముక్క ఏదైనా వెళ్లి గుద్దుకుంటే అలాంటి మచ్చ పడుతుందట, దాన్ని మొదట పట్టుకునేది నాలాంటివాళ్లేనట. కటకం తుడిచాను. కనుకటకం మార్చాను, తిప్పాను. చుక్క తిరగలేదు, పోలేదు. దుమ్ము కాదన్నమాట. ఆకాశం చూసే మా గుంపులో అందరికీ చెప్పాను. చెన్నైలో ఇద్దరు, తిరుచ్చిలో ఒకరు చూశారు. వాళ్లకు ఏమీ కనబడలేదట. ఫొటో తీశాను. ఫొటోలో కూడా పడలేదు. వాళ్ల కళ్లకు అలవాటు చాలదు.

చారులత


ఆండిపట్టి
10 జనవరి 2026

చారులతా,

ఆ చుక్క గురుగ్రహం మీద లేదు.

ఒక గళ్ల కాగితం తీసుకో. నడుమ సిరాతో చుక్క పెట్టు. చదివేటంత దూరంలో పట్టుకుని, ఎడమ కన్ను చేత్తో మూసి, కుడి కంటితో ఆ చుక్కనే చూడు. తరువాత కన్ను మార్చు. గీతలు ఎక్కడ వంగినా, చెరిగినా ఆ చోటు పెన్సిల్‌తో చుట్టి ఆ కాగితం నాకు పంపు. టెలిస్కోపులో ఏ కన్ను పెడతావో కూడా రాయి. ఎందుకో తరువాత చెబుతాను. ముందు చెయ్యి.

ఇంట్లో నాకు తోడుండే తంగమ్మాళ్ చేత మీ నాయనకు ఫోను చేయించాను. కళ్లద్దాలు పంచవద్దని నా మాటగా చెప్పమన్నాను. ఆమె విని ఫోను పెట్టేసి, అటు తిరిగి పాలు కాచసాగింది. మీ నాయన ఏమన్నాడని గట్టిగా అడిగితే చెప్పింది: "పండుగ పూట ముసలమ్మని గమ్మున ఉండమన్నారు."

నేను గమ్మున ఉండను.

అవ్వ


అన్నూరు
19 జనవరి 2026

అవ్వా,

పొంగలి పనుల్లో ఆలస్యమైందని రాద్దామనుకున్నాను. పొంగలికి ముందే చేశాను. కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. ఇప్పుడు జత చేస్తున్నాను.

నేను టెలిస్కోపులో పెట్టేది కుడి కన్ను. ఎడమ కంటికి గళ్లన్నీ బాగున్నాయి. కుడి కంటితో చూస్తే నడుమ నీళ్లు పడి ఆరినట్టు ఉంది. చుక్కనే చూడమన్నావు. చుక్కను చూస్తేనే అది పోతోంది. పక్కకు చూస్తే తిరిగి వస్తోంది. ఈ ఉత్తరం కూడా అంతే, ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరమే మాయమవుతోంది. అందుకని కుడి కన్ను మూసుకుని రాస్తున్నాను. నొప్పి లేదు. నువ్వన్నట్టే అసలు నొప్పి లేదు.

నాయనకు చెప్పలేదు. ఎలా చెప్పను? కళ్లద్దాలు అచ్చయి మూటలు కట్టి ఉన్నాయి. బంధువులందరికీ ఫోన్లు చేశాడు. వచ్చే ఆదివారం రథసప్తమి, సూర్యుడి పండుగ కాబట్టి ఆ రోజు వినాయకుడి కోయిల ముందు టెలిస్కోపు పెట్టాలని, అక్కడినుంచే కళ్లద్దాలు పంచడం మొదలుపెడతానని అందరితో చెప్పాడు. నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పాడు.

ఇంకొకటి. రాయాలా వద్దా అని రెండు రోజులు చూశాను. పోయిన సంతలో రామాయి మాల కడుతూ ముడి తప్పింది. విప్పి మళ్లీ కట్టింది. మళ్లీ తప్పింది. "కంటి నడిమ పొగ మాదిరి ఉండాది పాపా. వేలు కనబడతాది, వేలి కొసన ఉండే పువ్వు కనబడదు" అంది. నేను వయసు కదా అన్నాను. ఆమె అవునంది. తల వంచుకుని తడుముతూ కట్టుకుంది. నేను వయసు అనేటప్పటికే గళ్ల కాగితం చూసి ఉన్నాను అవ్వా.

తైపూసం కానీ. అయిపోయాక నేనే డాక్టరు దగ్గరికి పోతాను, నాయనకు చెబుతాను, అన్నీ ఆపేస్తాను. అంతవరకు ఎవరితోనూ అననని మాట ఇవ్వు. ఒకే ఒక్కసారి అడుగుతున్నాను.

చారు


ఆండిపట్టి
24 జనవరి 2026, శనివారం

చారూ,

ఈ ఉత్తరం తపాలాలో వేయడం లేదు. మల్లెపూల బండి తోలే బాలమురుగన్ ఈ మధ్యాహ్నమే కోయంబత్తూరు పోతున్నాడు. అన్నూరుదాకా వచ్చి నీ చేతికే ఇవ్వాలని చెప్పాను. రేపు రథసప్తమి. రేపు తెల్లవారేసరికి నువ్వు ఇది చదివి ఉండాలి.

నువ్వు అడిగిన మాట ఇవ్వను.

నీ కాగితం అందిన మర్నాడు దాన్ని తీసుకుని మదురై వెళ్లాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు అక్కడ కంటి డాక్టరు. ఆమె కాగితాన్ని దీపం కింద పెట్టి చూసింది. ఎవరిదని అడిగింది. చెప్పాను. సూర్యుణ్ణి చూడటం ఈ క్షణమే మానాలంది. కొందరికి నెలల మీద చూపు కొంత తిరిగి వస్తుందట, కొందరికి రాదట. దీనికి మందు లేదంది. తరువాత, "ఇంకా ఎంతమంది చూశారు టీచర్?" అని కాగితం మీద రాసి అడిగింది, నాకు వినబడదేమోనని. నోటితో అడిగినా నాకు వినబడేదే. అన్నిటికీ లెక్క చెప్పేదాన్ని, దానికి చెప్పలేకపోయాను.

మీ నాయన చెడ్డవాడు కాడు. వాడు తన యూనిట్‌లో ఉన్నదాన్ని పోయిపోయి వేరేచోట కొనడం చేతకానితనం అనుకునే మనిషి. మనవాళ్లంతా అంతే. మోటారు చెడితే మనమే విప్పుతాం, విడిభాగం లేకపోతే మనమే పోతపోస్తాం, అలాగే బాగుపడ్డాం. ఆ అలవాటుతోనే ఇప్పుడు సూర్యుడికి పొర వేశాం. వాడికి తెలియక చేశాడు. నీకు తెలుసు. ఈ రెంటి మధ్య తేడా నేను నీకు నేర్పనక్కరలేదు.

నిన్ను సైంటిస్టు అన్నాడని నీకెంత సంతోషమో నాకు తెలుసు. దానికోసం దారిన పోయేవాళ్ల కళ్లు ఇవ్వకూడదు.

పళనికి నడిచేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మన మజ్జిగ తాగుతారు. ఒక్క పొర ఉన్న అద్దాలు పెట్టుకుని తల ఎత్తుతారు. సామి కనబడ్డాడని దణ్ణం పెట్టుకుంటారు, కాబట్టి తొందరగా తల దించరు కూడా. నడిచిపోతారు. కొండ ఎక్కి, దిగి, ఊరు చేరాక ఒకరోజు అన్నం ముందు కూర్చుంటే మెతుకుల నడుమ ఒక బూడిద చుక్క కనబడుతుంది. మన పందిరి వాళ్లకు గుర్తుండదు. వయసనుకుంటారు. నువ్వు రామాయికి చెప్పిన మాటే తమకు తాము చెప్పుకుంటారు.

ఇక జరగవలసినవి రాస్తున్నాను. వరస మార్చవద్దు.

1. ఇది చదవగానే టెలిస్కోపు ముందరి పొర విప్పు. ఒక ముక్క డాక్టరుకు చూపడానికి కవరులో పెట్టి, మిగిలింది ముక్కలు చెయ్యి. టెలిస్కోపు రేపు ఇల్లు దాటకూడదు.

2. బాలమురుగన్ బయట నిలబడి ఉండగానే నీ గళ్ల కాగితం మీ నాయన ముందు పెట్టు. నకలు నా దగ్గర ఉంది, అసలు ఈ కవరులోనే ఉంది. నువ్వే చెప్పాలి. ఎడమ కన్ను మూసుకుని, నాయన ముఖం నడుమ ఏం కనబడుతోందో అది చెప్పు.

3. కళ్లద్దాల మూటలు యూనిట్ షెడ్డులోనే ఉండాలి. ఆ షెడ్డు నా పేరిట ఉంది. ఒక్క మూట కదిలినా సోమవారం నేను వచ్చి తాళం వేయిస్తాను, మీ నాయనకు ఈ సంగతి వేరుగా రాశాను. వాటిని కత్తిరించాలి. ఊరికే చెత్తలో వేస్తే పిల్లలు ఏరుకుంటారు.

4. నమూనాకని ఒక మూట ముందే పందిరికి పోయిందని కార్తీక రాసింది. అది నిజమైతే రేపు నువ్వూ మీ నాయనా పళని రోడ్డుకు పోయి తీసుకురండి. మూట విప్పి ఉంటే, ఎవరికి ఇచ్చారో అడగండి. వాళ్లు నడుస్తూనే ఉంటారు, బండి మీద వెళితే అందుకోవచ్చు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి తిరిగి తీసుకోండి.

5. మజ్జిగ పందిరి ఆపకూడదు. దాహం వేసినవాళ్లది ఏ తప్పూ లేదు.

6. మంగళవారం నువ్వూ రామాయీ నాతో మదురై వస్తారు. ఎందుకు రావాలో ఆమెకు నువ్వే చెప్పాలి. వయసు కాదని చెప్పాలి. తట్ట పక్కన నేల మీద కూర్చుని చెప్పు, నిలబడి చెప్పకు. ఆమె తిడితే విను. తిట్టకపోతే అది ఇంకా కష్టంగా ఉంటుంది, అదీ విను.

7. ఆ తరువాత ప్రతి సంతకూ టెలిస్కోపు లేకుండా వెళ్లి ఆ చోటే నిలబడు. ఇక్కడ సూర్యుణ్ణి చూసినవాళ్లెవరైనా ఉన్నారా, చూపు ఎలా ఉంది అని అడుగు. చాలామంది బాగుందని వెళ్లిపోతారు. ఒక సంతలో కాకపోతే ఇంకో సంతలో ఎవరో ఒకరు ఆగి, అవును పాపా, నాకూ అలాగే ఉంది అంటారు. ఆ మనిషి ముందు నుంచి నువ్వు కదలకూడదు.

అవ్వ
తాయమ్మాళ్